రిలీజ్ నోట్స్ ఎవరి కోసం రాస్తున్నాం? మందుల దుకాణాల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎదురైన చిక్కు

బిల్లింగ్‌బల్ల

సభ్యులందరికీ నమస్కారం. మందుల దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఒక చిన్న సంస్థలో నేను పనిచేస్తున్నాను. కొత్త వెర్షన్ విడుదలైన ప్రతిసారీ ఏం మారిందో చెబుతూ దానితోపాటు వెళ్ళే రిలీజ్ నోట్స్ రాయడం నా బాధ్యత. ఇప్పటివరకు మేము ఒకే నోట్ రాసి దుకాణదారులకు, జిల్లాలలోని మా డీలర్లకు, లోపల ఉన్న డెవలపర్లకు పంపుతూ వచ్చాము. ఆ పద్ధతి సరిపోదని 2025 సెప్టెంబరు తరువాత నాకు స్పష్టంగా తెలిసింది.

ఆ నెల 3వ తేదీన జీఎస్టీ కౌన్సిల్ 56వ సమావేశంలో నిర్ణయం జరిగి, చాలా మందులపై పన్ను 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. కొత్త రేట్లు 22వ తేదీ నుంచి అమలులోకి వచ్చాయి. మాకు దొరికిన వ్యవధి మూడు వారాల లోపే. మేము సకాలంలోనే వెర్షన్ విడుదల చేశాము. అయితే నేను రాసిన నోట్‌లో ఉన్నది ఇంతే: "ట్యాక్స్ మాస్టర్‌లో ఎఫెక్టివ్ డేట్ కాలమ్ చేర్చబడింది. రేట్ మ్యాపింగ్ నవీకరించబడింది. పనితీరు మెరుగుపరచబడింది." దుకాణదారుకు తెలియవలసిన విషయం ఇందులో ఒక్కటీ లేదు. 112 రూపాయల ఎమ్మార్పీ ముద్రించి ఉన్న మందును, అంటే 100 మీద 12 పన్ను కలిసిన ధరను, ఇకపై ఎంతకు అమ్మాలన్నది ఆయన ప్రశ్న. సాఫ్ట్‌వేర్‌లో పన్ను శాతం ఒక్కటే మారి, ధర 112గానే ఉండిపోతే, లెక్క ప్రకారం అసలు ధర 106.67 అవుతుంది, తగ్గిన పన్ను కొనుగోలుదారుకు చేరదు. బిల్లు 105 రావాలంటే ధరల పట్టికను కూడా మార్చుకోవాలి. ఆ మాట నేను రాయలేదు.

ఇప్పుడు మరొక వెర్షన్ రాబోతున్నది. సెప్టెంబరు 22కు ముందు 12 శాతంతో అమ్మిన మందులను కొనుగోలుదారు తరువాత వెనక్కి తెచ్చినప్పుడు, మా సాఫ్ట్‌వేర్ పాత రేటు బదులు కొత్త రేటుతో లెక్కకట్టింది. ఆ లోపాన్ని ఈ వెర్షన్‌లో సరిచేశాము. దీన్ని ఎవరికి ఎలా చెప్పాలో, ఒక నోట్ సరిపోతుందా, మూడు రాయాలా, అనుభవం ఉన్నవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

పాతకోడు

మీ ప్రశ్న కొత్తది కాదు. దీనికి సమాధానం వెతికినవారు చాలాకాలం క్రితమే ఉన్నారు. గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు కోడింగ్ ప్రమాణాలలో రెండు వేర్వేరు ఫైళ్ళ ప్రస్తావన ఉంది. న్యూస్ అనే ఫైలులో వాడుకరికి కనిపించే మార్పులు మాత్రమే రాయాలి. చేంజ్‌లాగ్ అనే ఫైలులో ఏ ఫైలులో, ఏ ఫంక్షన్‌లో ఏం మారిందో రాయాలి. అది ఆ కోడ్‌ను రేపు చేతిలోకి తీసుకునే ప్రోగ్రామర్ కోసం. డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కూడా ఇదే విభజనను పాటిస్తుంది. ప్రతి ప్యాకేజీకి చేంజ్‌లాగ్ తప్పనిసరిగా ఉంటుంది. వాడుకరి గమనించి తీరవలసిన మార్పు ఉన్నప్పుడే న్యూస్ ఫైలులో ఒక నమోదు చేరుతుంది. ఏపీటీ-లిస్ట్‌చేంజెస్ అనే పనిముట్టు స్థాపించుకుని ఉంటే, అప్‌గ్రేడ్ సమయంలో ఆ వార్త కళ్ళ ముందుకు వస్తుంది.

పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలోనూ అంతే. ప్రతి వెర్షన్‌కు "కొత్తగా ఏమున్నది" అనే పత్రం వేరు, పూర్తి చేంజ్‌లాగ్ వేరు. మొదటిదాన్ని ఒక మనిషి కూర్చుని, ఏది ముఖ్యమో తేల్చుకుని, ఉదాహరణలతో రాస్తారు. పాత కోడ్‌ను కొత్త వెర్షన్‌కు తరలించేవారి కోసం అందులో ప్రత్యేక భాగం ఉంటుంది. ప్యాకేజీలు తయారుచేసే డిస్ట్‌యుటిల్స్ అనే భాగం వాడుక మానుకోమని 3.10లో చెప్పి, 3.12లో దాన్ని తొలగించారు. తన కోడ్ ఏ రోజు ఆగిపోతుందో రెండు వెర్షన్ల ముందే ప్రోగ్రామర్‌కు తెలియజేయడం నోట్స్ చేయగలిగిన పనులలో అతి విలువైనదని నా అభిప్రాయం.

అయినా నాకొక భయం ఉంది. మూడు నోట్లు విడివిడిగా రాస్తే కొంతకాలానికి అవి ఒకదానితో ఒకటి పొసగకుండా పోతాయి. డెవలపర్ల జాబితాలో ఉన్న మార్పు దుకాణదారు నోట్‌లో కనిపించదు. ఎందుకు కనిపించదో ఎవరికీ గుర్తుండదు. కాబట్టి మూలం ఒక్కటే ఉండాలి, దానిలో నుంచే మిగిలినవి పుట్టాలి.

సహాయకేంద్రం

నేను గుంటూరులో ఇటువంటి సాఫ్ట్‌వేర్‌కే సహాయ కేంద్రంలో ఏడేళ్ళుగా ఫోన్లు ఎత్తుతున్నాను. బిల్లింగ్‌బల్ల గారి సంస్థ కాదు, వేరొకటి. నోట్‌లో లేనిది మా దగ్గరకు ఫోన్‌గా వస్తుంది. కాబట్టి ఏమి రాయాలన్నది తేల్చుకోవడానికి ఫోన్ల నమోదు పుస్తకం కన్నా మంచి ఆధారం లేదు.

ముందుగా ఒక మాట గురించి హెచ్చరిస్తాను. మీ లోపాన్ని "రిటర్న్ లెక్కలో లోపం" అని మాత్రం రాయకండి. మందుల దుకాణంలో రిటర్న్ అన్న మాటకు రెండు అర్థాలు ఉన్నాయి. ఒకటి తిరిగొచ్చిన సరుకు, రెండవది జీఎస్టీ రిటర్న్. మా సంస్థ ఒకసారి "రిటర్న్ మాడ్యూల్ లోపం సరిచేయబడింది" అని పంపినప్పుడు, ఆ వారమంతా దుకాణదారులు తాము దాఖలు చేసిన జీఎస్టీ రిటర్నులు తప్పాయేమోనని భయపడి మాకు, మాకన్నా ముందు తమ ఆడిటర్లకు ఫోన్ చేశారు. సరిచేసినది నిజానికి సరుకు వాపసు తెరలో ఒక బొత్తాం. డెవలపర్ దృష్టిలో ఆ మాడ్యూల్ పేరు రిటర్నే కాబట్టి అక్కడ తప్పు లేదు. ఆ పేరును యథాతథంగా వాడుకరికి పంపడంలో ఉంది.

దుకాణదారుకు వెళ్ళే నోట్‌లో తెర మీద ఆయనకు కనిపించే పేరే ఉండాలి. "సేల్స్ రిటర్న్" అని మెనూలో ఉంటే అదే అక్షరాలతో రాసి, పక్కనే "కొనుగోలుదారు తిరిగి తెచ్చిన మందులు" అని వివరించండి. ఇంకొకటి: ఆయన నోట్‌ను కూర్చుని చదవరు. కౌంటర్ దగ్గర నలుగురు నిలబడి ఉండగా, మాత్రల పట్టీ కత్తిరిస్తూ ఒక చూపు చూస్తారు. మొదటి వాక్యంలో ఆయన పని లేకపోతే రెండవ వాక్యం దాకా రారు.

డేటాబేస్‌కాపరి

నేను వేరే వైపు నుంచి వస్తాను. నేను నోట్స్ రాసేవాడిని కాదు, చదివి నిర్ణయం తీసుకునేవాడిని. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లను నిర్వహించడం నా ఉద్యోగం, రిలీజ్ నోట్స్ చదవడం అందులో భాగం. నేను చూసినవాటిలో పాఠకుడిని సరిగ్గా గుర్తించి రాసినవి పోస్ట్‌గ్రెస్ నోట్సే.

ప్రతి పెద్ద వెర్షన్ నోట్స్‌లో కొత్త సౌకర్యాల పూర్తి జాబితా కన్నా ముందు, పాత వెర్షన్ నుంచి వచ్చేవారు ఎదుర్కొనే పొసగని మార్పుల భాగం ఉంటుంది. చిన్న వెర్షన్లలోనైతే, డేటాను బయటికి తీసి మళ్ళీ ఎక్కించే పని అవసరమా కాదా అన్నది ఆరంభంలోనే చెబుతారు. రాత్రి పది గంటలకు సర్వర్ ముందు కూర్చున్న మనిషికి కావలసిన మొదటి సమాధానం అదే.

ఒక ఉదాహరణ చెబుతాను. 2022లో వచ్చిన 15వ వెర్షన్‌లో, డేటాబేస్‌లో అందరికీ ఉమ్మడిగా ఉండే పబ్లిక్ స్కీమాలో ఎవరైనా పట్టికలు సృష్టించుకునే అనుమతిని తొలగించారు. అంతవరకే రాసి ఉంటే నాలాంటివాళ్ళం అందరం కంగారుపడేవాళ్ళం. కానీ ఆ నోట్‌లో మరొక మాట ఉంది: ఈ మార్పు కొత్తగా సృష్టించే డేటాబేస్‌లకు వర్తిస్తుంది; అప్‌గ్రేడ్ చేసినా, పాత డేటాను తిరిగి ఎక్కించినా, ఉన్న అనుమతులు అలాగే ఉంటాయి. అంటే పాత సర్వర్ ఆగదు. కానీ పాత సర్వర్‌లో నడిచిన స్క్రిప్టు, కొత్తగా సృష్టించిన పరీక్షా డేటాబేస్‌లో విఫలమవుతుంది. నాకు సరిగ్గా అదే జరిగింది, కారణం వెతకడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు, ఎందుకంటే నోట్‌లో ఆ సరిహద్దు గీసి ఉంది.

మీ నోట్‌కు కూడా అటువంటి సరిహద్దు కావాలి. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు చేసిన బిల్లులు, ఏ వెర్షన్‌తో చేసినవి, ఎటువంటి లావాదేవీలు ఈ లోపానికి గురయ్యాయి, ఏవి గురికాలేదు అన్నది తేటగా చెప్పండి. "కొన్ని సందర్భాలలో తప్పు రేటు పడే అవకాశం ఉంది" అని రాస్తే ప్రతి దుకాణదారూ తన బిల్లులన్నీ అనుమానించవలసి వస్తుంది, లేదా ఏదీ అనుమానించకుండా వదిలేస్తారు.

పాతకోడు గారి భయానికి కూడా అక్కడే ఒక మార్గం ఉంది. పోస్ట్‌గ్రెస్ ఇటీవలి నోట్స్‌లో ప్రతి అంశం చివర సంబంధిత కమిట్‌కు, అంటే కోడ్‌లో ఆ మార్పు నమోదుకు, లంకె ఉంటుంది. పైవాక్యం నిర్వాహకుడి కోసం, లంకె ప్రోగ్రామర్ కోసం. పత్రం మాత్రం ఒక్కటే.

పాతకోడు

ఆ లంకె పద్ధతి నాకు నచ్చింది. దానికి ముందు మెట్టు ఒకటి ఉన్నది, చెబుతాను. నోట్ రాయడాన్ని విడుదల రోజు దాకా వాయిదా వేస్తే, ఎవరూ ఏదీ గుర్తుపెట్టుకోరు. అప్పుడు గిట్ కమిట్ల జాబితాను తీసి అతికించడం తప్ప గత్యంతరం ఉండదు. పైథాన్ లోకంలో టౌన్‌క్రయర్ అనే పనిముట్టు ఉంది. మార్పు చేసిన ప్రోగ్రామరే, ఆ మార్పుతోపాటు, వాడుకరికి ఏం తెలియాలో ఒక చిన్న ఫైలులో రాసి జతచేస్తారు. విడుదల రోజున అవన్నీ కలిసి నోట్ అవుతాయి. ఓపెన్‌స్టాక్ అనే క్లౌడ్ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు వారి రెనో కూడా ఇటువంటిదే. అందులో అప్‌గ్రేడ్ సూచనలు, వాడుక నుంచి తప్పించబోతున్నవి, భద్రత, సరిచేసినవి, తెలిసి ఉండి ఇంకా మిగిలిన సమస్యలు అని వేర్వేరు అరలు ఉంటాయి. చివరి అరను నేను ప్రత్యేకంగా ప్రస్తావిస్తున్నాను, ఎందుకంటే మిగిలిపోయిన లోపాన్ని చెప్పడానికి మన దగ్గర చాలామంది ఒప్పుకోరు.

ఒక వెర్షన్‌తో పని పూర్తయిందా లేదా అన్నది కూడా పాఠకుడికి కావలసిన సంగతే. 2021 డిసెంబరులో జావా ప్రోగ్రాములు తమ నమోదులు రాసుకోవడానికి వాడే లాగ్4జెలో భద్రతా లోపం బయటపడినప్పుడు, 2.15.0 వెర్షన్ ఎక్కించుకున్నవారు ఊపిరి పీల్చుకున్నారు. ఆ సవరణ అసంపూర్ణమని తేలి 2.16.0 వచ్చింది, మరొక లోపం కోసం 2.17.0 వచ్చింది, నెల ముగిసేలోపు 2.17.1 కూడా వచ్చింది. ఆ రోజుల్లో భద్రతా నోట్ చదివేవారు అడిగిన ప్రశ్నలు రెండు: నా అమరికలో నేను ప్రమాదంలో ఉన్నానా? ఈ రోజే అప్‌గ్రేడ్ చేయలేకపోతే తాత్కాలికంగా ఏం చేయాలి? రెండవదానికి, లాగ్4జె జార్ ఫైలులో నుంచి, లోపానికి మూలమైన జేఎన్‌డీఐ లుకప్ క్లాసును తొలగించడమనే సమాధానం ఉండేది. ఆ ఒక్క వాక్యం మీద ఎన్నో సర్వర్లు ఆ వారం నిలబడ్డాయి. మీ దుకాణదారులలో కూడా ఈ రోజే అప్‌డేట్ చేయలేనివారు ఉంటారు. వారికేం చెబుతారు?

తెలుగీకరణ

నేను సాఫ్ట్‌వేర్ తెలుగు అనువాదాలు చేస్తుంటాను. ఇంతవరకు జరిగిన చర్చలో భాష సంగతి రాలేదు కనుక అక్కడి నుంచి మొదలుపెడతాను.

బిల్లింగ్‌బల్ల గారి మొదటి నోట్‌లో "చేర్చబడింది", "నవీకరించబడింది", "మెరుగుపరచబడింది" అని మూడు క్రియలు ఉన్నాయి. ఎవరు చేశారో, ఇంకా ఎవరైనా ఏమైనా చేయాలో ఈ మూడింటిలోనూ తెలియదు. ఇది శైలికి సంబంధించిన అభ్యంతరం కాదు. తెలుగు క్రియకు ఈ తేడాను ఒక్క మాటలో చెప్పగల శక్తి ఉంది. "రేటు మారుతుంది" అంటే దానంతట అదే జరుగుతుంది, మీరు చూస్తూ ఉంటే చాలు. "రేటు మార్చాము" అంటే మేము చేశాము, పని అయిపోయింది. "రేటు మార్చుకోవాలి" అంటే మీరే చేయాలి. దుకాణదారు నోట్ నుంచి కోరేది సరిగ్గా ఈ మూడింటిలో ఏది అన్నదే. "మార్చబడింది" అన్నప్పుడు ఆ సమాచారమంతా పోతుంది. సెప్టెంబరులో మీకు వచ్చిన ఫోన్లలో సగం ఈ క్రియ వల్లే వచ్చి ఉంటాయని నేను నమ్ముతున్నాను.

రెండవది, స్థలం. మీ సాఫ్ట్‌వేర్‌కు మొబైల్ యాప్ కూడా ఉన్నట్లయితే, గూగుల్ ప్లేలో ఒక్కో భాషకు నోట్ 500 అక్షరాలకు మించకూడదు. యాపిల్ వారి దుకాణంలో ఆ పరిమితి 4,000. తెలుగులో గుణింతం, ఒత్తు, పొల్లు, సున్న ప్రతిదీ విడి అక్షరంగా లెక్కకు వస్తుంది. కంటికి రెండు అక్షరాలుగా కనిపించే "లక్ష్మి" అన్న మాట లెక్కలో ఏడు. నా అనుభవంలో ప్లే పరిమితిలో యాభై అరవై తెలుగు మాటలకు మించి పట్టవు. ఇంగ్లీషు నోట్‌ను అనువదించి అందులో ఇరికించే ప్రయత్నం చేయకండి. ఆ యాభై మాటలలో ఏం చెప్పాలో తెలుగులోనే ముందుగా నిర్ణయించుకోండి.

మూడవది, మనందరికీ గుర్తుండే ఉదాహరణ. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షర వరుస ఐఫోన్లలో సందేశాల యాప్‌ను, మరికొన్ని యాప్‌లను కూల్చివేసింది. "జ్ఞ" తరువాత కంటికి కనిపించని విడదీత గుర్తు, ఆ వెనుక దీర్ఘం వస్తే అక్షరరూపాలను అమర్చే భాగం తడబడేది. ఆ నెల 19న యాపిల్ ఐఓఎస్ 11.2.6 వెర్షన్ విడుదల చేసింది. వాడుకరుల నోట్‌లో, కొన్ని అక్షర వరుసల వల్ల యాప్‌లు ఆగిపోయే సమస్యను సరిచేశామని రాశారు. భద్రతా నిపుణుల కోసం ఉన్న వేరే పుటలో అదే లోపానికి భద్రతా లోపాల జాబితాలోని సీవీఈ-2018-4124 అనే సంఖ్య ఇచ్చి, అక్షరాలను అమర్చే కోర్‌టెక్స్ట్ భాగంలో మెమరీ దెబ్బతినే సమస్యగా వివరించారు. ఒకే సవరణ, ఇద్దరు పాఠకులు, రెండు రాతలు. ఆ విభజన సరైనదే. కానీ "తెలుగు" అన్న మాట రెండింటిలోనూ లేదు. లోపం అప్పటికే ప్రపంచమంతా తెలిసిపోయింది కాబట్టి దాచడం వల్ల ఎవరికీ రక్షణ లేదు. ఆ వారం రోజులు తెలుగులో సందేశం పంపడానికి జంకిన మనిషి, ఆ నోట్ చదివి అది తన కోసమే వచ్చిందని గుర్తించే వీలు లేకపోయింది. ఎవరికి దెబ్బ తగిలిందో వారిని పేరు పెట్టి పిలవని నోట్, ఎంత నిజమైనదైనా, వారికి చేరదు.

బిల్లింగ్‌బల్ల

ఇంత శ్రద్ధగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. తెలుగీకరణ గారు చెప్పిన మూడు క్రియల సంగతిని ఈ రోజే మా గదిలోని బోర్డు మీద రాశాను.

ఇక్కడొక కష్టమైన విషయాన్ని మీ ముందు ఉంచాలి. లోపం ఉన్న బిల్లుల తేదీలు ప్రకటించడానికి మా అమ్మకాల విభాగం ఒప్పుకోవడం లేదు. "సేల్స్ రిటర్న్ తెర మెరుగుపరచాము" అని రాస్తే చాలునని, తప్పు ఒప్పుకుంటే పోటీ సంస్థల డీలర్లు ఆ కాగితాన్నే దుకాణాలకు తీసుకెళ్ళి చూపిస్తారని వారి వాదన. ఆ భయం నిరాధారమైనదని నేను అనలేను. మా డీలర్లలో ఇద్దరు కూడా అదే మాట అన్నారు. దీనికి ఏమని సమాధానం చెప్పాలి?

మందులకొట్టు

నేను సాఫ్ట్‌వేర్ రంగం వాడిని కాదు. మా అబ్బాయి ఈ చర్చను చూపించి, మీరు రాయవలసిన చోటు ఇదే అన్నాడు. తెనాలిలో పాతికేళ్ళుగా మందుల దుకాణం నడుపుతున్నాను. నేను వాడే సాఫ్ట్‌వేర్ ఎవరిదో ఇక్కడ చెప్పను, అవసరం కూడా లేదు.

మీ అమ్మకాల విభాగం వారికి నా మాటగా ఇది చెప్పండి. దసరా ముందు మా వీధి చివరి పెద్దావిడ సెప్టెంబరు రెండవ వారంలో కొన్న బీపీ మాత్రల పట్టీ ఒకటి వెనక్కి తెచ్చింది, డాక్టరు మందు మార్చారని. బిల్లులో 112 రూపాయలు తీసుకున్నాను. వాపసు బిల్లు కొడితే 105 వచ్చింది. ఆమె రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, ఏడు రూపాయలు ఏమయ్యాయని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. నా జేబులో నుంచి ఏడు రూపాయలు ఇచ్చాను. పాత రేటుతో అమ్మిన సరుకు తిరిగొస్తే ఆ బిల్లు రేటుతోనే క్రెడిట్ నోట్, అంటే వాపసు పత్రం, ఇవ్వాలని మా ఆడిటర్ చెప్పిన తరువాతనే నాకు తెలిసింది. అప్పటికి అటువంటివి ఎన్ని జరిగాయో నాకు తెలియదు.

"తెర మెరుగుపరచాము" అన్న నోట్ వస్తే నేను ఆ పాత బిల్లులు వెతకను. ఆ డబ్బు పోవలసిన వారికి పోదు, పన్ను లెక్కలోనూ నేను కట్టనవసరం లేనిది కట్టినట్లవుతుంది. తప్పు జరిగిందని, ఫలానా తేదీల మధ్య బిల్లులు చూసుకోమని చెప్పిన సంస్థను నేను వదిలిపెట్టను. చెప్పకుండా ఉంచారని నాకు ఆడిటర్ ద్వారా తెలిస్తే మాత్రం, ఏ డీలరూ వచ్చి కాగితం చూపించనక్కరలేదు, నేనే మారిపోతాను.

సహాయకేంద్రం

మందులకొట్టు గారు చెప్పినదానికి నేను చేర్చవలసింది కొంచెమే ఉంది. పాత బిల్లులను ఆయన ఒక్కొక్కటిగా వెతకవలసిన పరిస్థితి రాకూడదు. లోపానికి గురైన వాపసు బిల్లుల జాబితాను సాఫ్ట్‌వేరే తీసి ఇవ్వగలదా? ఇవ్వగలిగితే, ఆ మెనూ దారిని నోట్‌లో మొదటి మూడు వాక్యాల లోపే రాయండి. ఇవ్వలేకపోతే, విడుదలను రెండు రోజులు ఆపి అయినా ఆ జాబితా తయారుచేయమని మీ డెవలపర్లను అడగండి. నోట్ రాయడానికి కూర్చున్నప్పుడే ఇటువంటి లోటు బయటపడుతుంది. ఏం చేయాలో రాయలేకపోతున్నారంటే, చేసే దారి ఇంకా లేదన్నమాట.

డీలర్లకు మాత్రం వేరే కాగితం కావాలి. వారు అదే దుకాణదారు నోట్‌ను చదివి, దానితోపాటు, ఫోన్‌లో అడగబోయే ప్రశ్నలకు సమాధానాలు, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు బ్యాకప్ తీయవలసిన క్రమం, సమస్య వస్తే పాత వెర్షన్‌కు వెళ్ళవచ్చా లేదా అన్నది తెలుసుకోవాలి. ఈ కాగితం దుకాణదారు నోట్ కన్నా కనీసం ఒక రోజు ముందు మా వంటివారి చేతికి రావాలి. కస్టమర్ చెబితేగాని కొత్త వెర్షన్ వచ్చిందని మాకు తెలియని రోజులు నేను చూశాను.

బిల్లింగ్‌బల్ల

నాలుగు రోజులు ఆలస్యంగా వస్తున్నాను, కారణం ఉంది. మందులకొట్టు గారి మాటలను పేరు లేకుండా ముద్రించి మా సమావేశంలో చదివి వినిపించాను. ఏడు రూపాయల సంగతి విన్న తరువాత అమ్మకాల విభాగం వాదన కొనసాగలేదు. లోపానికి గురైన వాపసు బిల్లుల జాబితా తీసే నివేదికను డెవలపర్లు రెండు రోజుల్లో తయారుచేశారు. సెప్టెంబరు వెర్షన్ నోట్‌లో నేను వదిలేసిన ధరల పట్టిక సంగతిని కూడా, ఆలస్యమైనా, విడిగా రాసి పంపుతున్నాము. అప్పటికే బజారులో ఉన్న సరుకుకు కంపెనీలు కొత్త లేబుళ్ళు అంటించనవసరం లేదని, సవరించిన ధరల పట్టిక ఇస్తే చాలునని జాతీయ ఔషధ ధరల సంస్థ అప్పట్లో చెప్పింది. అందువల్ల పెట్టె మీద ఉన్న ధర, బిల్లు ధర వేరువేరుగా ఉండవచ్చని దుకాణదారులకు మేము ఆనాడే చెప్పవలసింది.

దుకాణదారు నోట్ ముసాయిదా ఇది:

"2025 సెప్టెంబరు 22కు ముందు అమ్మిన మందులను కొనుగోలుదారు ఆ తేదీ తరువాత తిరిగి తెచ్చినప్పుడు, మన సాఫ్ట్‌వేర్ 12 శాతం బదులు 5 శాతం పన్నుతో వాపసు బిల్లు తయారుచేసింది. ఇది మా తప్పు. ఈ వెర్షన్‌లో సరిచేశాము. ఇకపై వాపసు బిల్లులో అసలు బిల్లు రేటే దానంతట అదే వస్తుంది.

మీరు చేయవలసింది: రిపోర్ట్స్ మెనూలో సేల్స్ రిటర్న్ కింద 'రేటు తేడా ఉన్నవి' అన్న జాబితాను తెరవండి. అందులో ఏమీ లేకపోతే మీకు ఇక పని లేదు. బిల్లులు కనిపిస్తే, ఆ జాబితాను ముద్రించి మీ ఆడిటర్‌కు చూపించి, క్రెడిట్ నోట్లను ఆయన సలహా ప్రకారం సవరించుకోండి. మామూలు అమ్మకపు బిల్లులపై, కంపెనీలకు మీరు తిప్పి పంపిన సరుకుపై ఈ లోపం ప్రభావం లేదు.

ఈ రోజే అప్‌డేట్ చేయలేకపోతే, పాత సరుకు వాపసు వచ్చినప్పుడు పన్ను శాతం గడిలో 12 అని మీరే మార్చుకోవాలి."

డీలర్ల కాగితాన్ని, కమిట్ లంకెలతో డెవలపర్ల జాబితాను విడిగా తయారుచేశాము. మూడింటిలోనూ ప్రతి అంశానికి ఒకే సంఖ్య ఉంటుంది, అది మా టికెట్ సంఖ్య, అంటే ఆ పనిని మేము నమోదు చేసుకున్న సంఖ్య. ఇకపై టికెట్ మూసే ముందు డెవలపరే "దీనివల్ల దుకాణంలో ఎవరి పని మారుతుంది?" అన్న గడిని నింపాలి. "ఎవరిదీ కాదు" అని రాస్తే అది దుకాణదారు నోట్‌కు రాదు.

డేటాబేస్‌కాపరి

సరిహద్దు చక్కగా గీశారు. ముఖ్యంగా "ఏమీ లేకపోతే మీకు ఇక పని లేదు" అన్న వాక్యం నాకు నచ్చింది. చదవడం ఎక్కడ ఆపవచ్చో చెప్పే వాక్యం నోట్స్‌లో అరుదుగా కనిపిస్తుంది.

తెలుగీకరణ

క్రియలు సరిగ్గా ఉన్నాయి. "సరిచేశాము", "దానంతట అదే వస్తుంది", "మార్చుకోవాలి": ఎవరి పని ఏదో తెలుస్తున్నది. ప్లే స్టోర్ కోసం మొదటి పేరాను, జాబితా మెనూ దారిని మాత్రం తీసుకోండి, మొత్తం పట్టదు.

మందులకొట్టు

ముసాయిదా నాకు అర్థమైంది, నా మేనల్లుడికి కూడా చదివి వినిపించాను. ఒక సందేహం. నా దుకాణంలో రెండు కంప్యూటర్లు ఉన్నాయి. కౌంటర్ దగ్గర ఒకటి, లోపల నేను కూర్చునేచోట ఒకటి. లోపలిదాన్ని అప్‌డేట్ చేసి, కౌంటర్‌లో ఉన్నదాన్ని రద్దీ వల్ల సాయంత్రం దాకా వదిలేస్తే, ఆ కౌంటర్‌లో కొట్టిన వాపసు బిల్లుకు ఏ రేటు వస్తుంది?

బిల్లింగ్‌బల్ల

పాత రేటు రాదు. తప్పు రేటే వస్తుంది. పన్ను లెక్క ప్రతి కంప్యూటర్‌లో విడిగా జరుగుతుందని ఇప్పుడే డెవలపర్‌ను అడిగి తెలుసుకున్నాను. ఇది మాలో ఎవరికీ తట్టలేదు, ఎందుకంటే మా కార్యాలయంలో పరీక్షించేది ఒకే కంప్యూటర్ మీద. "మీరు చేయవలసింది" అన్నదాని కింద మొదటి వాక్యంగా ఇది చేరుస్తున్నాను: "మీ దుకాణంలో ఒకటి కన్నా ఎక్కువ కంప్యూటర్లు ఉంటే, అన్నింటినీ అప్‌డేట్ చేసేవరకు వాపసు బిల్లులను అప్‌డేట్ అయిన కంప్యూటర్‌లోనే తయారుచేయండి." నోట్‌ను రేపు ఉదయం డీలర్లకు, ఎల్లుండి దుకాణాలకు పంపుతున్నాము.